కళ్ళంలో హైస్కూలు

అక్షరాలు రాక ఇది ఇన్నాళ్ళూ రాయలేదు. నిరుడు మా అమ్మాయే నాకు నేర్పింది.

బొబ్బిలి శివారులోని మా పేటకు హైస్కూలు ఇచ్చిన కొత్తలో అది అద్దె రేకుల షెడ్డులో నడిచేది. సొంత జాగా చూపకపోతే వేరే ఊరికి మార్చేస్తామన్నారు అధికారులు. మారిస్తే మా అమ్మాయి చదువు ఏడో తరగతితో ఆగిపోయేది. రోడ్డు పక్కన ఖాళీగా ఉన్నది మేం చోళ్ళు, అంటే రాగులు, నూర్చుకునే కళ్ళం ఒక్కటే. ఇద్దామని మా మావగారిని అడిగాను.

"కళ్ళం ఇచ్చీసి, సోళ్ళు నీ నెత్తి మీద నూరుస్తావేటే?"

"రోడ్డు మీద నూరుస్తాను మావా. బస్సులు తొక్కుతాయి."

"బస్సులేటి, నువ్వు కట్టిన ఎడ్లా?" అని నవ్వాడు. తర్వాత తనే, "సేసి సూపించు. గింజ రాలితే కళ్ళం ఇచ్చీస్తాను" అన్నాడు.

మర్నాడు మొదటి బస్సు రాకముందే తారు రోడ్డు ఊడ్చి, చోళ్ళ వెన్నులు పరిచాను.