రాజ్యం అడిగిన వన్స్ మోర్

తాడేపల్లిగూడెంలో రాజ్యం ఇడ్లీ తిన్నవాళ్ళు వేలల్లో ఉంటారు గానీ, ఆవిడ పద్దెనిమిదేళ్ళు స్టేజీ మీద రాణి వేషం కట్టిందంటే నమ్మేవాళ్ళు పదిమంది కూడా ఉండరండీ. ఆ పాపం ఎవరిదో చెబుతాను, వినండి.

పద్యనాటకం అంటే ఆడేవాళ్ళు సగం, కూర్చున్నవాళ్ళు సగం. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అంటారు, నటుడు మళ్ళీ పాడాలి. చచ్చిపడిపోయిన రాజైనా సరే, లేచి పాడి మళ్ళీ చావాల్సిందే! ఒక్క వన్స్ మోరైనా పడని నటుడికి ఆ పూట అన్నం సయించదు.

పదేళ్ళ కిందట ఆకివీడులో రాజ్యం పాడిన ఏడుపు పద్యానికి జనం ఊగిపోయారు. చేపల లారీల డ్రైవర్లు కూడా దిగొచ్చి 'వన్స్ మోర్' అని ఈలలేశారు. రాజు వేషంలో ఉన్న ఈశ్వరప్రసాద్‌కి కడుపు మండిపోయింది. నాటక సమాజం ఆయనదే, పైగా ఆ రాత్రి ఆయన పద్యాలకి ఒక్క వన్స్ మోరూ పడలేదు మరి. మైకు ముందుకొచ్చి నవ్వుతూ అన్నాడు: "క్షమించాలండీ. ఆవిడ గొంతు అరిగిపోయింది. రెండోసారి పాడితే దొరికిపోతుంది."

జనం గొల్లుమన్నారు. ఆ ఒక్క మాట కొల్లేటి ఊళ్ళన్నీ తిరిగింది. ఆ తర్వాత రాజ్యాన్ని పిలిచిన నాథుడు లేడు. కిరీటం పెట్టెలో పడేసి ఇడ్లీ బండి పెట్టుకుంది. "వాడి నోరు జనం ముందే, జనం చేతే మూయించకపోతే నా పేరు రాజ్యం కాదు. పెద్దింట్లమ్మ తల్లి మీద ఒట్టు!" అనుకుంది. పదేళ్ళూ పిండి రుబ్బుతూ, గ్రైండర్ మోతనే శ్రుతి చేసుకుని పద్యాలు పాడింది. తనవి కాదండోయ్, ఆయనవి.

మొన్న ఆదివారం ఏలూరులో ఈశ్వరప్రసాద్‌కి సన్మానం, ఆపైన నాటకం. రాజ్యం సాయంత్రం ఆరింటికల్లా వెళ్ళి మూడో వరసలో కూర్చుంది. ఆయన ఊపిరి లెక్క ఆవిడకి కొట్టిన పిండి. ఆఖరి పద్యం ఒకసారైతే రాజాలా పాడతాడు. రెండోసారికి చెమటలు పడతాయి. మూడోసారి గొంతు నిలవదు.

ఆఖరి పద్యం అయింది. హార్మోనియం ఆగకముందే అనాలి, ఆగిందంటే జనం చల్లబడిపోతారు. "వన్స్ మోర్!" అని అరిచింది రాజ్యం. హాలంతా అందుకుంది. ఈశ్వరప్రసాద్ మొహం చాటంత అయింది. పాడాడు.

"వన్స్ మోర్!"

ఈసారి ఆయన కళ్ళు ఆ అరిచిందెవరా అని వెతికాయి. రాజ్యాన్ని గుర్తుపట్టాడు. దండం పెట్టి తప్పుకోవచ్చు. కానీ వద్దంటే గొంతు అరిగిపోయిందని ఒప్పుకున్నట్టే కదా! పాడాడు. పై స్థాయికి వెళ్ళేచోట గొంతు పగిలి దగ్గు ముంచుకొచ్చి, పద్యం మధ్యలోనే ఆగిపోయింది. వెనకాల ఎవడో పకపకా నవ్వాడు. అబద్ధమెందుకు, రాజ్యానికి ఎంత హాయిగా ఉందో!

అక్కడితో ఊరుకుందా? లేచి నిలబడి, ఆయన వదిలేసిన చోటనుంచే, అదే శ్రుతిలో పద్యం పూర్తి చేసింది. హార్మోనియం మీద ఉన్న ఆనంద్ పాల్ పాతవాడే, ఆవిడ వెంటే వాయించాడు. హాలు దద్దరిల్లిపోయింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

రాజ్యం పాడలేదు. స్టేజీ వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగింది: "ఏవండీ ప్రసాద్ గారూ, జనం అడుగుతున్నారు. రెండోసారి పాడితే దొరికిపోతానంటారా?"

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఈశ్వరప్రసాద్ తలవంచుకుని, "పాడండమ్మా" అని గొణిగాడు.

"మైకులో చెప్పండి. ఆ రోజు మైకులోనే అన్నారు."

ఆయన మైకు దగ్గరికి వచ్చి, ఆ పగిలిన గొంతుతోనే చెప్పాడు. అప్పుడు పాడింది రాజ్యం.