గోనెపట్టా కింది చక్రం

కల్లూరులో పాత కారు చక్రాల రంగు గీకి, అద్దంలా మెరిపించే ఒకాయన ఉండేవాడు. మొహం కనిపించేంత మెరుపు రాగానే చూపు తిప్పుకుని, గోనెపట్టా కప్పేసేవాడు.

యాక్సిడెంటులో పోయిన మా తమ్ముడి కారు చక్రాలు నా కారుకు వేసుకుందామని ఇచ్చాను. నాలుగూ కప్పిపెట్టి నన్ను పిలిచాడు.

"మొదట నీ మొగం పడల్లప్పా. అంతదాకా పాత మనిషి దాంట్లోనే ఉంటాడు. నువ్వు చూస్తే పోతాడు."

నమ్మకుండానే మొదటి గోనె ఎత్తాను. తమ్ముడు ఒక్క క్షణం నవ్వినట్టయింది, తర్వాత నేనే మిగిలాను. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఎత్తవేమప్పా?"

"ఉండనీలే."

నా కారుకు ఆ నాలుగో చక్రం చోట ఇప్పటికీ మాసిన స్టెప్నీ తిరుగుతోంది. గోనె కప్పిన చక్రం మంచం కింద ఉంది. అక్కడ ఊడవవద్దని ఇంట్లో చెప్పాను.