కొండల్ చేసే మూడు బెజ్జాల పట్టీ

మన్సూరాబాద్‌లో బీరువాలు చేసే కొండల్ గురించి ఒక మాట ఉంది. ఆయన బిగించిన స్క్రూ ఊడాలంటే ఇల్లు కూలాలట. అది కొంచెం ఎక్కువే. గోడ కూలితే చాలు.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి ముప్పయ్యేళ్లయింది. స్క్రూ బిగిసిపోయాక కూడా ఇంకో చుట్టు తిప్పడం ఆయన అలవాటు. "కిరాయికుండేటోళ్లు ఏడాదికో ఇల్లు మారుస్తరు. గా చుట్టు వాళ్ల కోసం" అంటాడు.

సరూర్‌నగర్‌లో సుమలతకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుంది. మిషన్ నడిస్తే ఆ అదురుకు చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి చూసిపోతాయని పక్కింటి అండాలమ్మ చెబుతుంది. పన్నెండేళ్లుగా సుమలత గీసుకున్న నాలుగు వేల పువ్వులు ఆ మిషన్‌ను నడిపే ఒకే కంప్యూటర్లో ఉండేవి. అందులో పాత డిస్కు మూలుగుతుంటే, దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్ నగేశ్ వాటినన్నిటినీ కొత్త చిన్న డిస్కులోకి ఎక్కించాడు. మర్నాడే పాతది చచ్చిపోయింది. ఇక ఆ పువ్వులకు కొత్తదొక్కటే దిక్కు.

ఆ డిస్కేమో అరచేతిలో సగం. కంప్యూటర్ డబ్బాలో దానికున్న చోటు ఇటుకంత. మధ్యలో పెట్టి బిగించే ప్లాస్టిక్ పట్టీ బజార్లో దొరికితే నగేశ్ అదే పెట్టాడు. మిషన్ అదురుకు అది వారానికే రెండు ముక్కలైంది. డిస్కు ఊగి, వైరు జారి, పెళ్లికూతురి జాకెట్ మీద నెమలి మెడ దగ్గరే ఆగిపోయింది.

నగేశ్, సుమలత కలిసి కొండల్ దగ్గరకు పోయారు. ఆయన డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింత దానికా? ఏందిరా నగేశ్, బిస్కెట్టుకు మంచం చెయ్యమంటవా?"

"మంచమే అనుకో కాకా. జర కదలకుండ పండాలె, అంతే."

"నా పన్నెండేండ్లు దాంట్లనే ఉన్నయన్నా," అంది సుమలత.

కొండల్ నవ్వు ఆపాడు. బీరువా రేకు కత్తిరించి, అంచులు మడిచి, బెజ్జాలు పొడిచి, బీరువాకు కొట్టే బూడిద రంగు కూడా కొట్టాడు. అద్దం ఒక్కటే తక్కువ.

షాపుకొచ్చి తానే బిగించాడు. మూడు స్క్రూలు బుద్ధిగా ఎక్కాయి. నాలుగోదీ బిగిసింది.

"చాలు కాకా, ఇంక తిప్పకు!" అని నగేశ్ అరిచాడు. కొండల్ చెయ్యి వినలేదు. టిక్కుమంది. ఆ చప్పుడు ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దాకా పోయిందంటే నమ్మనివాళ్లున్నారు. వాళ్లు ఆ గదిలో లేరు.

"పలిగిందా?" అంది సుమలత.

నగేశ్ వైరు పెట్టి స్విచ్చి వేశాడు. తెర నల్లగానే ఉంది. కొండల్ స్క్రూడ్రైవర్ నేల మీద పెట్టి, దానికి దూరంగా జరిగి కూర్చున్నాడు.

"ఊకోని చెయ్యి చెల్లె నాది."

అప్పుడు తెర మీద ఒక పువ్వు వచ్చింది. పక్కన ఇంకోటి. తర్వాత తెరనిండా పువ్వులే. చెడింది డిస్కుకు ఆ మూలనున్న బెజ్జం లోపలి మర ఒక్కటే. ఆ స్క్రూ ఎంత తిప్పినా ఇక బిగియదు.

"తీసెయ్ కాకా, మూడు చాలు," అన్నాడు నగేశ్. ఆ సాయంత్రమే నెమలికి తల వచ్చింది.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ షాపులన్నిటికీ కొండల్ పట్టీలే పోతాయి. అన్నిటికీ అంటే నాలుగింటికి. డిస్కు బిగించేవైపు మూడు బెజ్జాలే పొడుస్తాడు. నాలుగోది ఏదని అడిగితే, "ఉంటే తిప్పబుద్ధయితది" అంటాడు.