ఇంటిపేరు లేని అంకె

మా మిద్దె మీద గదిలో ఉండే సారు ఈ ఆషాఢంలో పోయాడు. పాలిటెక్నిక్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చెప్పి రిటైరై, ఆ తర్వాత కూడా ఆ మిద్దె మీదే పిల్లలకు ట్యూషన్ చెప్పిన మనిషి. శిష్యులు ఆయన పేరు మీద పుస్తకం వేస్తారట. నన్నూ నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెప్తాను, కానీ ముందు ఒకటి తేలాలి. సంతాప సభలో మైకు పట్టుకున్న ప్రతివాడూ స్వామి పిలిచాడు, సారు వెళ్ళిపోయాడు అన్నాడు. కొండమీద స్వామి మీద ఆ నింద వేయకండి. ఆయన ఎవర్నీ పిలవలేదు. సారు పోయింది ఒక అంకె వల్ల.

నాకు చదువు రాదు. అయితే మా వంటింటి నెత్తినే ఆయన పాఠం. విని విని నా గోడలకు కూడా ఆ చదువు అబ్బింది. వేడి, ఒత్తిడి, బరువు, గొట్టంలో పారే నీళ్ళ జోరు, ఫ్యాక్టరీలో ఏది కొలిచినా అంకె పక్కన అది ఏ కొలతో రాయాలి. రాయనివాడికి మార్కు లేదు. "అంకెకు ఇంటిపేరు ఉండాలప్పా. ఇంటిపేరు లేని అంకెను గడప తొక్కనియ్యొద్దు" అనేవాడు.

నన్నూ వదల్లేదు. పొద్దున్నే కింద నుంచి, నాలుగు పెట్టినా రా సారూ అని కేకేస్తే, మెట్ల మీద నుంచే అడిగేవాడు.

"నాలుగేంది అక్కా? ఇడ్లీలా, గంగాళాలా?"

"నాలుగు తన్నులు. దిగి రా" అనేదాన్ని. నవ్వుకుంటూ వచ్చి తినేవాడు.

మిద్దె మీది కుళాయి కింద బకెట్ పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పడుతుందో పిల్లల చేత లెక్కపెట్టించేవాడు. నీళ్ళు పారబోస్తున్నారని నేను అరిస్తే ఆ బకెట్లన్నీ నా కరివేపాకు చెట్టుకు మోయించేవాడు. వచ్చింది, పోయింది, మిగిలింది, ఈ మూడూ సరిపోకపోతే ఎక్కడో కారుతోందని అర్థం అని చెప్పేవాడు. ఆ మాట నా సంసారానికి కూడా పనికొచ్చింది.

వేడిని ఒక కొలతలోంచి ఇంకో కొలతలోకి మార్చే లెక్క ఒకటుంది. తొమ్మిదితో గుణించు, అయిదుతో భాగించు, ముప్పై రెండు కలుపు. పిల్లలు దాన్ని పాటలా పాడేవాళ్ళు. అందరికన్నా గట్టిగా పాడినవాడు ఇప్పుడు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి.

సారు మంచం పట్టినప్పుడు నేను పిలిపించింది వాడినే. డ్యూటీ దిగి పరుగున వచ్చాడు, దారిలో కొత్త థర్మామీటరు కూడా కొని తెచ్చాడు. ప్రేమ లేదని నేననను. సారు చంకలో పెడితే అది కీచుమంది. వాడు చూసి, "ముప్పై తొమ్మిది పాయింట్ నాలుగు" అన్నాడు. "నూరు కూడా దాటలేదవ్వా. జ్వరమే లేదు."

సారు కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. "ఏంది?" అన్నాడు.

ఎవరొచ్చారని అడుగుతున్నాడనుకుని, "నేను సార్, మీ స్టూడెంట్‌ని" అన్నాడు వీడు.

నేను సారు మెడ మీద చేయి పెట్టాను. పెనం.

"కాలిపోతా ఉండాది రా."

"నీ చెయ్యి పొయ్యి కాడ కాగిందిలే అవ్వా. మిషను అబద్ధం చెప్పదు."

పొయ్యి దగ్గర కాగిన చేతికే కాలుతోందంటే ఆ ఒళ్ళు ఎంత కాగుతూ ఉండాలి? ఆ లెక్క వేయలేదు వాడు. మాత్ర ఇచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు ఊపిరి ఎగబోస్తుంటే మళ్ళీ వాడినే పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రెండు వైపులా నిమ్ము చేరిపోయింది. జ్వరం ఎవరూ చూడలేదా అని డాక్టరమ్మ గద్దించింది. చూశారమ్మా, ముప్పై తొమ్మిదే అన్నాను. ఆమె తల పట్టుకుంది. "అది సెల్సియస్ అవ్వా. మీరు ఇంట్లో చెప్పుకునే లెక్కలో దగ్గర దగ్గర నూట మూడు. అప్పుడే తీసుకురావాల్సింది."

సారు "ఏంది" అని అడిగింది మనిషిని కాదు, అంకెను. అది నాకు ఆ ఆసుపత్రి వరండాలో తెలిసింది. ఆ పాట నోటికొచ్చినవాడు నా పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు. ఫ్యాక్టరీలో ఒక కొలత, ఇంట్లో ఒక కొలత, రెండూ వాడి తలలోనే ఉన్నాయి. కలపాల్సిన పూట కలపలేదు.

అలాంటివాడు సభలో అందరికన్నా పొడుగు ఉపన్యాసం ఇచ్చాడు. యూనిట్ రాయకపోతే సారు సున్నా వేసేవారని చెప్పి నవ్వించాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

అందుకే నా మాటలు రాసుకోవడానికి ఎవర్ని పంపమంటారని అడిగితే, వాడినే పంపమన్నాను. ఇదంతా రాస్తున్నది వాడే. మిద్దె మీద, సారు కూర్చునే చోటే కూర్చోబెట్టాను. ఇందాక థర్మామీటరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

"ఇది వద్దవ్వా. జ్వరమొచ్చి పోయినాడని రాస్తాను."

"నీ పేరు పెట్టమనలేదు. అంకె పెట్టు."

పెట్టాడు. పెన్ను ఎత్తబోయాడు.

"ఏంది?" అన్నాను.

 వాడు ఆ అంకె భుజం మీద ఆవగింజంత సున్న చుట్టాడు. దాని పక్కన నెలవంక లాంటి గీత గీశాడు. నాకు చూపిస్తాడనుకున్నాను. సారు గది తలుపు తెరిచే ఉంది. వాడు కాగితాన్ని అటువైపు తిప్పి పట్టుకున్నాడు.