ఎర్ర పట్టుతో ప్రత్తిపాడుకి

తాడేపల్లిలో ఏడున్నరకి గుంటూరు బస్సెక్కాను. ఒళ్ళో పేపరు చుట్టిన పొట్లం. అందులో ఎర్ర పట్టు, లంగాకి సరిపడా. తన చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కని మా ఆవిడ సుశీల ముందే కొని పెట్టెలో దాచింది. ఫంక్షన్ దగ్గర పడింది, సుశీల లేదు. పోయిన వేసవిలో పోయింది.

నేను ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలర్ని. ఈ పట్టు మాత్రం కుట్టలేకపోయాను. సుశీలకి ఎర్ర చీర కట్టి, మొహాన పసుపు రాసి, నుదుట ఇంత బొట్టు పెట్టి సాగనంపారు. "ముత్తయిదువగా పోయింది, అదృష్టవంతురాలు" అని వచ్చిన ప్రతివాళ్ళూ అనేవాళ్ళే. అదృష్టమట! నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పట్నుంచి ఎర్ర జాకెట్టు గుడ్డ తెచ్చినవాళ్ళని వేరే కొట్టుకి పొమ్మంటున్నాను. ఈ పొట్లం మరదలి చేతిలో పెట్టి, అక్కడే ఎవరిచేతనైనా కుట్టించుకోమని చెప్పి వచ్చేద్దామని బయల్దేరాను.

గుంటూరు బస్టాండులో రెండిడ్లీ తిని, టీ తాగి, ప్రత్తిపాడు బస్సు పట్టుకున్నాను. మీరు ఆ దారిన వెళితే మిరపకాయల కాలంలో వెళ్ళండి, కిటికీ పక్కన కూర్చోండి. నేను మాత్రం ఆ రోజు కిటికీ సీటు ఒకామెకిచ్చి ఇటు జరిగాను. ఊరు దాటాక కళ్ళాల నిండా ఆరబోసిన కాయలు, ఎటు చూసినా ఎరుపే. తల వంచుకున్నాను.

"సీటిచ్చి ఏడుత్తన్నావేందయ్యా?" అందామె.

"మిరప ఘాటమ్మా."

"అద్దం మూసే ఉందిగా!"

దొరికిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె పేరు మార్తమ్మ, కళ్ళంలో కాయలు ఏరే కూలికి పోతోంది.

"మా అమ్మని తన పెళ్ళిచీర కట్టే పంపాం. తెల్లచీర. మాకు పెళ్ళికీ తెలుపే, మట్టికీ తెలుపే. కళ్ళంలో తెల్లకాయ తగిలితే తాలని అవతల పారేత్తాను. ఆదివారం ఆ తెలుపే కట్టుకుని చర్చికి పోతాను. రంగేం చేసిద్దయ్యా? నీకు నీ మనిషి కావాల, అంతే."

"అవునమ్మా, కావాలి" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ప్రత్తిపాడులో పొట్లం విప్పగానే మరదలి కూతురు లలిత మొహం చిన్నబోయింది.

"కుట్టలేదా పెదనాన్నా? పెద్దమ్మ ఏమందో తెలుసా? బట్ట నేను కొంటాను, మీ పెదనాన్న కుడతాడు, ఇంకొకళ్ళ చేతిలో పెట్టావంటే ఊరుకోను అంది."

"ఊరుకోవే, బావగారిని ఇబ్బంది పెట్టకు" అని మరదలు కసిరింది.

అచ్చం సుశీల అనే మాటే అది. పట్టు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. వాళ్ళ మిషను వసారాలోకి లాక్కున్నాను. పట్టుకి కలరా ఉండల వాసన. కత్తెర పెట్టేటప్పుడు గుర్తొచ్చింది. కొత్త కాపురంలో నేను సుశీలకి మొదట కుట్టిచ్చింది ఎర్ర జాకెట్టే. భుజాల దగ్గర బిగుతైంది. అయినా అదే వేసుకుని వీధంతా తిరిగొచ్చింది, మహాతల్లి! ఇన్ని నెలలుగా ఆ జాకెట్టు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు, సాగనంపిన చీర తప్ప.

భోజనం వేళ దాటాక లంగా పూర్తయింది. లలిత కట్టుకుని గిర్రున తిరిగింది, కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఎర్రటి లంగాలో ఉన్న పిల్లని "పచ్చగా ఉండమ్మా" అని దీవించాను.

సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ దగ్గర ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"కాస్త ఇటు జరుగుతారా? నేను చూడాలి."

"ఏముందండీ చూడ్డానికి, మిరపకాయలేగా?"

"అవేనండీ."

అద్దం పూర్తిగా పక్కకి జరిపాను. చీకటి పడి ఎరుపు కనబడకుండా పోయేదాకా చూస్తూనే ఉన్నాను. సుశీల పక్కనుంటే ఎంత బావుండేది! కళ్ళు తుడుచుకుంటుంటే పక్కాయన "ఘాటా అండీ?" అన్నాడు.

"కాదండీ, మా ఆవిడ గుర్తొచ్చింది" అన్నాను.