నిండిపోయిన క్లాసు

ఫిబ్రవరి చివర్లో ఇక్కడ మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీలు తెరుచుకుంటాయి. ఆ వారం క్యాంపస్ చదువుకునే చోటులా ఉండదు, కొత్త షాపింగ్ మాల్ ప్రారంభోత్సవంలా ఉంటుంది. బెలూన్లు, ఊరికే ఇచ్చే గుడ్డ సంచులు, ఒక మూల సాసేజీలు కాల్చే పొగ. చదువు ఒత్తిడి తగ్గడానికి నిమురుకోమని కుక్కలను కూడా తెచ్చి పచ్చికలో కూర్చోబెట్టారు. ఇంకా ఒక్క పాఠమూ మొదలు కాలేదు. ఒత్తిడి ఎక్కడినుంచి వచ్చిందో ఆ కుక్కలకే తెలియాలి.

నాకు మాత్రం నిజంగానే ఒత్తిడి ఉంది. అది కుక్కను నిమిరితే పోయేది కాదు.

పెళ్లికి ముందు గుంటూరులో బీఫార్మసీ చదివాను. ఇక్కడికి వచ్చాక పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది కానీ, పాప చిన్నదని ఏడాది వాయిదా వేసుకున్నాను. రెండోసారి వాయిదా ఇవ్వరు. ఈసారి చేరకపోతే సీటు పోయినట్టే. చేరాలంటే, హాజరు తప్పనిసరి అయిన ఒక ట్యుటోరియల్ క్లాసు నాకు పొద్దుటి పూట దొరకాలి. మేముండేది ఊరి చివర పాయింట్ కుక్‌లో. సాయంత్రం క్లాసు ముగించుకుని, రైలెక్కి, స్టేషన్ దగ్గర కారు తీసి ఇంటి దారి పట్టేసరికి పాప చైల్డ్ కేర్ మూసేసి చాలాసేపవుతుంది. మా ఆయన ఆఫీసు ఊరికి అవతలి కొసన ఉంది.

ఇక్కడ మనకు క్లాసు ఎవరూ కేటాయించరు. చెప్పిన రోజు, చెప్పిన వేళకి ఆన్‌లైన్‌లో తెరుస్తారు. ముందు నొక్కినవాళ్లకు కావలసింది, వెనకబడ్డవాళ్లకు మిగిలింది. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేయడమే ఇదీ. కాకపోతే ఇక్కడ దీన్ని స్టూడెంట్ చాయిస్ అంటారు.

మాకు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి తెరుస్తామన్నారు. ముందురోజు వీడియో కాల్‌లో ఆ మాట అత్తయ్య చెవిన పడింది.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం కదమ్మాయ్. పన్నెండు దాటాకే అంటున్నావుగా, శుభ్రంగా చేసుకో," అన్నారు.

బతికిపోయాననుకున్నాను. పక్కనే కూర్చున్న మా ఆయన ఊరుకోలేదు.

"అది మనూరి టైమమ్మా. ఇక్కడ సన్‌రైజ్ వేరు, పైగా గడియారం గంట ముందుకి జరిపే డేలైట్ సేవింగ్ ఒకటి. మెల్‌బోర్న్‌కి లెక్కేస్తే పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ఉంది," అంటూ ఫోన్ తిప్పి చూపించాడు.

"అయితే ఒకటిన్నర దాటాకే చేయించు నాన్నా. చదువు విషయం."

మా ఆయన బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఒక్క సెకను ఆలస్యమైతే ఎంత ఇబ్బందో గంటసేపు చెప్పగలడు. అలాంటి మనిషి రాహుకాలాన్ని ఉన్న ఊరికి, ఎండాకాలానికి సరిచేసి మరీ పట్టుకొచ్చాడు. మామూలు మనుషులు పాటించే మూఢనమ్మకంలో తప్పించుకోవడానికి ఎక్కడో ఒక సందు ఉంటుంది. ఇంజనీరు చేతిలో పడితే ఆ సందు కూడా పూడిపోతుంది.

"ఈలోపు క్లాసులు నిండిపోతాయండీ," అన్నాను.

"గంటన్నరలో ఏం నిండుతాయ్? మాస్టర్స్ వాళ్లు ఎంతమందని. అమ్మ మనసులో పెట్టుకుంటుంది. రేపు పాపకి జలుబు చేసినా ఇందుకే అంటుంది."

ఆ చివరి మాటకి ఆగాను. నాకు రాహువు మీద నమ్మకం లేదు. పాప జలుబు మీద ఉంది.

ఒకటిన్నర దాటాక తెరిచి చూస్తే పొద్దుటి క్లాసులన్నిటి పక్కనా నిండిపోయిందని ఎర్రగా రాసి ఉంది. సాయంత్రం ఆరు గంటలది ఒక్కటే మిగిలింది. మా ఆయనకి ఫోన్ చేస్తే, "సర్లే, అది పెట్టేసి తర్వాత మార్చుకో," అన్నాడు, కూరలో ఉప్పు సర్దమన్నంత తేలిగ్గా.

అదే పెట్టేసి, మార్చుకోవడానికి ఆ బెలూన్ల మధ్య నుంచి పాపని స్ట్రోలర్‌లో తోసుకుంటూ హెల్ప్ డెస్క్‌కి వెళ్లాను. క్యూలో నా ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగింది.

"తెలుగేనా ఆంటీ? తమ్ముణ్ణి జాయిన్ చేయనీకి వచ్చిండ్రా?"

"నేనే జాయిన్ అవుతున్నాను."

"సారీ అక్కా, స్ట్రోలర్ జూసి అన్న." ఏ క్లాసు కోసమో అడిగి తెలుసుకుంది. "ఆ మార్నింగ్ స్లాట్ నాకుంది. పన్నెండు గొట్టంగనే పట్టిన. కానీ పొద్దుగాల ఎవరు లేస్తరక్కా? ఒకటి రెండు క్లాసులు పోకున్నా నడుస్తదంట."

"అయితే నాతో మార్చుకోకూడదూ?"

"ఈవినింగ్ నాకు షిఫ్ట్ ఉంటది గదా."

రుమాలు వేసుకున్నవాళ్లు ఆ బస్సు ఎక్కరన్నమాట. డెస్క్ వెనకున్న అమ్మాయి కంప్యూటర్ చూసి, సిస్టమ్‌లో ఫుల్ అని ఉంది, ఆందోళనగా ఉంటే వెల్‌బీయింగ్ టీమ్‌తో మాట్లాడండి అంది. నాకు కావలసింది క్లాసు అన్నాను. ఆమె చక్కగా నవ్వి ఒక గుడ్డ సంచి ఇచ్చింది. పాప మాత్రం "మమ్మీ, కెన్ వి టేక్ ద డాగీ హోమ్?" అని దారంతా అడుగుతూనే ఉంది.

మొదటి వారం పాపని చైల్డ్ కేర్‌లో దించి నేరుగా ఆ పొద్దుటి క్లాసుకే వెళ్లి కూర్చున్నాను. సగానికి సగం కుర్చీలు ఖాళీ. ట్యూటర్ జాబితా చదివాక నా దగ్గరికి వచ్చి, మీ పేరు లేదు, ఈ క్లాసు నిండిపోయింది అంది. నేను ఖాళీ కుర్చీల వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"కూర్చోవచ్చు. కానీ నేను హాజరు వేయలేను," అంది.

"కూర్చుంటాను," అన్నాను.

సాయంత్రం క్లాసు లెక్కలో నాకు గైర్హాజరు పడింది. మూడు పడితే సబ్జెక్టు పోతుంది. రెండో వారం మళ్లీ వెళ్లాను, రెండోది పడింది. యూనివర్సిటీ ఆఫీసుకి రాస్తే, మీ ఓపికకు ధన్యవాదాలు అంటూ యంత్రం జవాబిచ్చింది.

"రూల్స్ ఉంటాయి కదా, ఎందుకంత మొండితనం? ఆ సాయంత్రం దానికే వెళ్లు," అన్నాడు మా ఆయన.

"అయితే ఆ రోజు పాపని మీరు తీసుకురండి."

"నాకు మీటింగ్ ఉంటుందిగా."

ఆయన మీటింగులో ఎవరు హాజరు వేస్తారో నేను అడగలేదు.

మూడో వారం పొద్దున మళ్లీ అదే క్లాసులో, లాప్‌టాప్ కూడా తెరవకుండా కూర్చున్నాను. ట్యూటర్ కొత్త జాబితా పట్టుకొచ్చింది. రెండు వారాలూ రానివాళ్లలో కొందరిని తీసేయించానని చెప్పి చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఎక్కడో నా పేరు వచ్చింది, ముక్కలు ముక్కలుగా. పలికాను. ఓపిక పట్టినందుకు థాంక్స్ అంది.

నేను పట్టింది ఓపిక కాదు. ఆ కుర్చీ. లాప్‌టాప్ తెరిచాను.

ఆమె తర్వాతి పేరు చదివింది. ఎవరూ పలకలేదు.