పాతది జమ చేస్తేనే కొత్త వెర్షన్

కాజీపల్లిలోని ఆ మందుల ఫ్యాక్టరీకి మేనేజర్లు వస్తారు, పోతారు. స్టోర్స్ జంగయ్య మాత్రం ఉంటాడు. ఆయనతోపాటు ఆయన శాసనమూ ఉంటుంది: పాతది జమ చేస్తేనే కొత్తది. చిరిగిన గ్లౌజు ఇస్తేనే కొత్త గ్లౌజు. అరిగిన చీపురు ఇస్తేనే కొత్త చీపురు. మాడిన బల్బు చేతిలో పెట్టనిదే సాక్షాత్తు సూర్యభగవానుడు వచ్చి అడిగినా కొత్త బల్బు దొరకదు.

ఈ శాసనం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగేది కాదు. ఆ మధ్య పటాన్‌చెరులో కళ్లద్దాలు మార్చుకోవడానికి వెళ్లి, షాపులో అడుగుపెడుతూనే పాత జత జమ చేసేశాడు. ఆ తర్వాత తన ఎదుట పరిచిన ఫ్రేములేవీ కనిపించలేదు. భార్య బక్కమ్మ తనకు నచ్చింది ఎంచింది. గులాబీ రంగు అంచు, చెవుల దగ్గర చిన్న పువ్వు. అది ఆడవాళ్ల ఫ్రేమని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

అటువంటి జంగయ్య కిటికీ ముందు ఒక పొద్దున ఇంద్రజ వచ్చి నిలబడింది. డ్రమ్ముల మీది లేబుళ్లకు ప్రోగ్రామ్ రాసే పిల్ల, ఇంకా టెంపరరీయే. కొత్తగా వచ్చిన విదేశీ కొనుగోలుదారుకు చదరపు బార్‌కోడ్ కావాలి. ఆమె రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే కంపైలర్ ఆమె కంప్యూటర్లో ఉన్నది పాతది, దానికి అది చేతకాదు. దాని అప్‌గ్రేడ్ పెన్ డ్రైవ్‌లో వచ్చింది. వచ్చిన ప్రతి సరుకులాగే అదీ స్టోర్స్‌లో ఉంది. మేనేజర్ సూర్యారావు ముందే చెప్పాడు: "సాయంత్రానికి ఆ సరుకుతో లారీ కదిలితే నువ్వు పర్మనెంటు. కదలకపోతే నేను మాత్రం ఏం చేయగలనమ్మా?"

"బాబాయ్, పెన్ డ్రైవ్ ఇస్తారా?"

"ఇస్త బిడ్డా. పాతదేది?"

ఇంద్రజ పాత కంపైలర్ సీడీ ఇచ్చింది. జంగయ్య తిప్పి చూశాడు.

"గిది డబ్బా. సరుకు కంప్యూటర్ల ఉన్నది గద? ఖాళీ డబ్బా తెచ్చి బేరింగ్ జమ చేసిన అంటే ఒప్పుకుంటనా?"

"దాన్ని తీసేయక్కర్లేదు బాబాయ్..."

"ఒక్క మనిషికి రెండు చీపుర్లు ఇయ్యలే నేను ఇప్పటిదాంక. గిప్పుడు రెండు కంపైలర్లు ఇస్తనా?"

ఎలాగూ కొత్తది వేస్తాం కదా అనుకుంది ఇంద్రజ. చదువుకున్నవాళ్లకు ఆపాటి ధైర్యం ఉంటుంది. ఆయన్ని తన కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆయన ఎదుటే పాతదాన్ని తీసేసే అన్‌ఇన్‌స్టాల్ నొక్కింది. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా సాగుతుంటే జంగయ్య చేతులు కట్టుకొని, పెద్దమనిషి పోయిన ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. గీత నిండాక పెన్ డ్రైవ్ ఆమెకిచ్చి, సీడీని తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

పెన్ డ్రైవ్ పెట్టగానే కంప్యూటర్ ఎంతో మర్యాదగా తెలియజేసింది: ఇది అప్‌గ్రేడ్ మాత్రమే, ముందు పాత వెర్షన్ ఉండాలి.

ఇంద్రజ పరుగున కిటికీ దగ్గరికొచ్చింది. "బాబాయ్, సీడీ ఇవ్వండి!"

"పెన్ డ్రైవ్ జమ చెయ్యి."

"రెండూ కావాలి. ముందు పాతది ఎక్కించాలి, దాని మీద కొత్తది."

"రెండు ఒక్కపారి గెట్లిస్త బిడ్డా? పరేషాన్ చెయ్యకు."

బయట లారీ హారన్ మోగింది. "మేడమ్, ఔర్ కిత్నా టైమ్?" అని డ్రైవర్ తొందరపెడుతూ అరిచాడు.

ఇంద్రజ ఏడవబోయి, ఎదురుగా ఉన్న గులాబీ అంచు చూసి ఆగింది.

"బాబాయ్, ఈ అద్దాలకు పవర్ ఎట్లా తెలిసింది షాపతనికి?"

"పాత అద్దాలు మిషన్ల పెట్టి సూసిండు. గందుకే గింత మంచిగొచ్చినయి."

"పాతవి ముందే పగలగొట్టి ఉంటే?"

జంగయ్య చెయ్యి కళ్లద్దాల మీదికి వెళ్లింది.

"ఇదీ అంతే బాబాయ్. పాతదాన్ని చూసుకుంటే గానీ కొత్తది కుదురుకోదు."

జంగయ్య కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. చూసేవాళ్లకు అది ఆలోచన. నిజానికది రాజ్యాంగ సవరణ.

"సరే. గని ఏదన్న ఒక పాతది జమ చెయ్యి. ఉత్త చేతికి ఇచ్చుడు నాతోని గాదు."

ఇంద్రజ చుట్టూ వెతికింది. ఏమీ దొరక్క, మెడలోని కార్డు తీసి కిటికీలో పెట్టింది. దాని మీద ఎర్రగా 'టెంపరరీ' అని ఉంది. జంగయ్య పరిశీలించి, అంచు అరిగిందని తృప్తిపడి, బీరువా తెరిచాడు.

పాతది ఎక్కింది. దాని మీద కొత్తది కుదురుకుంది. చదరపు బార్‌కోడ్లు వరసగా బయటికొచ్చాయి. పొద్దు వాలకముందే లారీ కదిలింది.

కార్డు లేనిదే గేటు దాటనివ్వరు కనుక ఇంద్రజ సీడీ, పెన్ డ్రైవ్ పట్టుకొని కిటికీ దగ్గరికొచ్చింది. జంగయ్య రెండూ తీసుకొని, పచ్చటి అక్షరాల కార్డొకటి ముందు పెట్టాడు.

"సూర్యారావు సారు ఫోన్ చేసిండు. పాతది జమైంది గద, ఇగ కొత్తది ఇయ్యాలె. రూలు రూలే."

ఇంద్రజకు కళ్లు చెమర్చాయి.

"మీ అద్దాలు చాలా బాగున్నాయి బాబాయ్."

"అందరు గదే అంటున్రు," అన్నాడు జంగయ్య.